గద్వాలలో ఖాళీ రోజు: పొద్దున కోట, సాయంత్రం నది, మధ్యలో మంచం

మంత్రాలయం, అలంపురం, శ్రీశైలం. పాలమూరు వైపు ఇళ్లల్లో ఈ మూడింటినీ ఒకే యాత్రలో చుట్టి రావాలనుకునేవాళ్లు చాలామంది. మేమూ మొదటిసారి అలాగే బయల్దేరాం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. మంత్రాలయం చూశాక గద్వాలలో ఒక రోజు ఆగుదామనుకున్నాం. కాగితం మీద ఆ తేదీ పక్కన 'రెస్టు' అని నా చేత్తో నేనే రాశాను.

ఆ రెస్టు ఎలా గడిచిందంటే, పొద్దున్నే కోట, పదకొండింటికి చీరల షాపు, మిట్టమధ్యాహ్నం జూరాల, అక్కడి నుంచి బీచుపల్లి ఆంజనేయస్వామి, చీకటి పడ్డాక లాడ్జి. అమ్మ మోకాళ్లు వాచిపోయాయి. నాన్న మధ్యాహ్నం వేసుకోవాల్సిన బీపీ మాత్ర సంచిలోనే ఉండిపోయింది. చిన్నోడు జూరాల చూడనేలేదు, ఆటోలో నిద్రపోయాడు. మర్నాడు అలంపురంలో తొమ్మిది బ్రహ్మ గుళ్లలో మూడు చూసేసరికే అందరం ఒక అరుగు మీద చతికిలబడ్డాం. చాళుక్యుల నాటి శిల్పం ఎదురుగా పెట్టుకుని మా అరికాళ్లు మేం ఒత్తుకుంటూ కూర్చున్నాం.

తర్వాత అదే దారిలో ఇంకో రెండుసార్లు వెళ్లాం. ఈ రెండుసార్లూ గద్వాలలో ఖాళీ రోజును ఖాళీగానే ఉంచాం. దానికి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యలో మంచం. మూడో చోటు ఎంత దగ్గరలో ఉన్నా సరే, వద్దు. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఊరుకాని ఊళ్లో పొద్దున్నే లేవగానే 'ఇంత దూరం వచ్చి లాడ్జిలో పడుకుంటామా' అనే మాట ఎవరో ఒకరు అంటారు. మా ఇంట్లో అది నాన్న. అందుకే ఏ పూట ఏం చేయాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆగడానికి గద్వాలే ఎందుకు

కృష్ణకూ తుంగభద్రకూ మధ్యలో ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. గద్వాల దానికి పెద్ద ఊరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాకు కేంద్రమైంది. సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వెళ్లే రైలు మార్గంలో ఉంది, రాయచూరు వైపు కూడా రైలు లైను ఉంది. మంత్రాలయం నుంచి వచ్చేవాళ్లకు రాయచూరు దారి కలిసొస్తుంది. హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పక్కకు తిరిగితే చాలు.

విశ్రాంతి రోజుకు ఊరు ఎలాంటిదై ఉండాలన్న దాంట్లో నాకో పట్టింపు ఉంది. చూడాల్సిన ముఖ్యమైన చోటు ఊరి నడుమనే ఉండాలి. మందుల షాపు, టిఫిన్ బండి, ఆటో స్టాండు నడిచే దూరంలో ఉండాలి. మరీ పేరు మోసిన క్షేత్రం కాకూడదు. క్షేత్రంలో ఆగితే దర్శనం, అభిషేకం, హారతి వేళలు మనల్ని పడుకోనివ్వవు. గద్వాలలో ఆ తొందర లేదు. కోట ఊరి మధ్యలోనే ఉంది, మిగతా ఊరంతా తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. అలంపురం నాకు ఎంతో ఇష్టమైన చోటే, కానీ బసకు అక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఉండదు. పక్కనే ఉన్న కర్నూలు పెద్ద పట్నం, ట్రాఫిక్కుకే సగం ఓపిక పోతుంది.

మొదట చూసుకోవాల్సింది: రెండు రాత్రులు

ఖాళీ రోజు అంటే రెండు రాత్రుల బస. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. చిన్న ఊళ్ల లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల చెక్ అవుట్ ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి దిగితే మర్నాడు రాత్రి ఎనిమిదింటికి గది ఖాళీ చేయాలి. ఒక్క రోజుకే డబ్బు కట్టి 'సాయంత్రం చూద్దాంలే' అనుకుంటే మధ్యాహ్నం నుంచే మనసులో గడియారం కొట్టుకుంటుంది. కొన్ని చోట్ల పొద్దున పది, పన్నెండు గంటలకే చెక్ అవుట్. అలాంటి చోట ఒక్క రాత్రికే తీసుకుంటే ఖాళీ రోజంతా సామానుతో రోడ్డు మీదే. దిగేటప్పుడే అడగండి, రెండు రాత్రులకూ కట్టేయండి, రసీదు మీద టైం రాయించుకోండి. మొదటిసారి మేం వేరే ఊళ్లో రసీదు తీసుకోలేదు. వచ్చిన టైం మీద వాళ్ల మాట వేరు, మా మాట వేరు అయింది. చివరికి సగం రోజు డబ్బు అదనంగా కట్టి బయటపడ్డాం.

పెద్దవాళ్లుంటే కింది అంతస్తు గదే అడగండి, 'లిఫ్టు ఉంది సార్' అన్నా సరే. కరెంటు పోతే లిఫ్టు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. గది చూపించినప్పుడు నేను చూసేవి రెండే: ఫ్యాన్ తిరిగే వేగం, బట్టలు ఆరేసుకోవడానికి చోటు. టీవీ ఉందా లేదా అని చూడను. ఉంటే పిల్లలు పడుకోరు.

ముందు రాత్రి చేయాల్సినవి

బట్టలు రాత్రే ఉతికేయండి. పొద్దున ఉతుకుదామనుకుంటే పొద్దున టిఫిన్ అవుతుంది, తర్వాత ఎండ ఎక్కుతుంది, చివరికి తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టుకుని శ్రీశైలం దాకా మోస్తాం. మేం ఒకసారి మోశాం. ఆ వాసన నల్లమల అడవి దాటినా పోలేదు.

మాత్రలు పూటపూటకీ విడదీసి చిన్న కవర్లలో పెట్టి, మధ్యాహ్నం కవరును మాత్రం మంచం పక్కన పెట్టండి. మధ్యాహ్నం ఎలాగూ గదికే వస్తాం కదా. ఇలా పెట్టుకున్నాక నాన్న మాత్ర ఒక్కసారీ మర్చిపోలేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని, రేపు చూడబోయే రెండు చోట్లూ రాత్రే అందరి ముందూ తేల్చేయడం. వాదనలన్నీ అప్పుడే కానివ్వండి. పొద్దున కొత్త పేరు ఎవరు ఎత్తినా 'అది వచ్చేసారి' అనాలి. మా ఇంట్లో 'వచ్చేసారి' అని ఒక జాబితానే తయారైంది. బీచుపల్లికి మళ్లీ వెళ్లడం రెండేళ్లుగా అందులోనే ఉంది. నాన్న దాన్ని అప్పుడప్పుడూ గుర్తు చేస్తూనే ఉంటారు.

పొద్దున: ఉగ్గాని, తర్వాత కోట

అలారం పెట్టకండి. వేసవి అయితే ఎండ ఎనిమిదింటికే చురుక్కుమంటుంది కాబట్టి పెద్దవాళ్లు ఎలాగూ లేస్తారు, వాళ్లు లేచినప్పుడు లేస్తే సరిపోతుంది. అసలు ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు యాత్రే పెట్టుకోవద్దని నా సలహా. కార్తీకం నుంచి శివరాత్రి దాకా హాయిగా ఉంటుంది.

టిఫిన్‌కు ఇడ్లీ, దోసె ఎక్కడైనా దొరుకుతాయి. నడిగడ్డకు వచ్చినప్పుడు ఉగ్గాని తినాలి. బొరుగులను నీళ్లలో ఒక్క మునక వేసి, నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. ఇటు రాయచూరు, అటు కర్నూలు రుచులు కలిసిన నేల ఇది. పొట్టకు తేలిక, పొద్దున నడకకు ఇబ్బంది పెట్టదు. బజ్జీల సంగతి మాత్రం మీ ఇష్టం. మా అమ్మ ఒకటి తింటుంది, నాన్న ఎన్ని తింటారో నేను లెక్కపెట్టను.

కోటకు నడిచే వెళ్లండి, లేదా ఆటో. ఆటో ఎక్కేముందే కోట దాకా ఎంత అని అడిగి మాట్లాడుకోండి, దిగాక బేరం వద్దు. ఈ కోట కట్టించినది పెద సోమభూపాలుడు. జనం సోమనాద్రి అంటారు. కర్నూలు నవాబుతో ఆయన పోరు గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. తర్వాతి కాలంలో గద్వాల నిజాం ఏలుబడిలో ఒక సంస్థానంగా కొనసాగింది. కవులనూ పండితులనూ పిలిచి సన్మానించిన సంస్థానం కాబట్టి 'విద్వద్గద్వాల' అని పేరు వచ్చింది.

గోల్కొండలాంటిది ఊహించుకుని వెళ్లకండి, నిరాశ పడతారు. టికెట్ కౌంటరు, గైడు, సాయంత్రం లైట్ల షో లాంటి హంగు చూడటానికి వచ్చే చోటు కాదిది. గోడలు కొన్ని చోట్ల కూలాయి, కొన్ని చోట్ల చెట్లు మొలిచాయి. కోట లోపలే మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. సంస్థానాన్ని చివరగా ఏలిన రాణి ఆమె. కాబట్టి పని దినాల్లో వెళితే బురుజు నీడలో పుస్తకాలు పట్టుకున్న పిల్లలు కనిపిస్తారు. చాలామంది దీన్ని కోటకు పట్టిన దుర్గతి అంటారు. నాకు అలా అనిపించలేదు. రాళ్లు ఊరికే పడి ఉండటం కంటే అక్కడ ఎవరో ఒకరు రోజూ తిరుగుతూ చదువుకుంటూ ఉండటమే నయం. మరమ్మతు మాత్రం జరగాలి, ఆ మాట నిజం.

కోటలోనే భూలక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి ఉంది. ముందు గుడికి వెళ్లండి, తర్వాత కోట. గుడి మధ్యాహ్నం మూస్తారు, గోడలు ఎప్పుడైనా ఉంటాయి. లోపల హడావుడి ఉండదు. మండపంలో స్తంభానికి ఆనుకుని ఒక అరగంట ఊరికే కూర్చోండి. ఈ రోజుకు ఇదే అసలు పని అనుకోవచ్చు. మా పిల్లలు స్తంభాల మీది బొమ్మలు లెక్కపెడతామని పోటీ పెట్టుకున్నారు, ఎవరి లెక్కా తేలలేదు. ఆ అరగంటా ఫోను సంచిలోనే ఉంచితే మంచిది.

పాడుబడిన గోడలు, బురుజులు మాత్రం ఎక్కకండి, పిల్లల్ని అసలే ఎక్కనివ్వకండి. వానాకాలంలో పొదల్లో పురుగూ పుట్రా ఉంటుంది.

మగ్గం చూడాలంటే

గద్వాల అనగానే ఆడవాళ్లకు గుర్తొచ్చేది చీర. ఇక్కడే విశ్రాంతి రోజు కాస్తా షాపింగ్ రోజు అయిపోయే ప్రమాదం ఉంది. నా ఉపాయం: ముందు మగ్గం చూడండి, షాపు తర్వాత. మగ్గం చూసిన కళ్లతో షాపులోకి వెళితే చూసే చీరలు తగ్గుతాయి, అడిగే ప్రశ్నలు పెరుగుతాయి.

గద్వాలలోనూ, చుట్టుపక్కల అయిజ, రాజోలి లాంటి ఊళ్లలోనూ నేత కుటుంబాలున్నాయి. రాజోలి దాకా వెళ్లాలనుకుంటే అదే ఆ పూట చోటు అవుతుంది, కోట ఉండదు. గద్వాలలోనే చూడాలనుకుంటే చీరల షాపులో 'మగ్గం నడిచే ఇల్లు దగ్గరలో ఉందా' అని అడిగితే చెప్తారు, చాలాసార్లు ఒక కుర్రాడిని తోడిచ్చి పంపుతారు. వెళ్లేది వాళ్ల ఇంటికి అన్నది మర్చిపోవద్దు. గడప దగ్గర ఆగి 'అన్నా, మగ్గం చూడొచ్చా' అని అడగాలి. చెప్పులు బయట వదలాలి. ఫొటో తీయాలంటే అడిగి తీయాలి. కొత్త డిజైన్ ఫొటో ఒకసారి బయటికి పోతే పవర్‌లూమ్ మీద నకలు దిగడానికి ఎంతోసేపు పట్టదు. వద్దంటే వద్దే.

మేం వెళ్లిన ఇంట్లో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని ఆయన కూర్చున్నాడు, పక్కన భార్య. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు బట్టల్ని కుట్టినట్టు అనిపిస్తుంది, కానీ ఎక్కడా కుట్టు ఉండదు. అంచుకో నాడె (పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది), ఒంటికో నాడె, అవతలి అంచుకో నాడె నడుస్తాయి. నూలు పేక (అడ్డంగా నడిచే పోగు) అంచు దగ్గరికి వచ్చినప్పుడల్లా పట్టు పేకను కొక్కెంలా పెనవేసుకుని వెనక్కి తిరుగుతుంది. ఒక్క వరుసకు అటొకసారి, ఇటొకసారి. దీన్నే కుప్పడం అంటారు. మూడు నాడెలు కాబట్టి ఒక్కరి చేతుల వల్ల కాదు, ఇద్దరు కూర్చోవాలి. అంచు మీద గుడి గోపురాల్లా వరుసగా తేలే పళ్లను కోటకొమ్మ అంటారు. పొద్దున చూసి వచ్చిన కోట గోడ గుర్తొచ్చి పిల్లలు 'ఇది అదే కదా' అన్నారు.

మా అమ్మ ఆ ఇల్లాలిని 'ఎన్ని రోజులు పడుతుందమ్మా ఒక చీర?' అని అడిగింది. 'డిజైన్ని బట్టమ్మా. పిల్లలకు బడి లేకుంటే ఎక్కువ రోజులే' అని ఆమె నవ్వింది. అమ్మ అక్కడే ఒక గంట కూర్చుంది. నూలు కండెలకు చుట్టడం దగ్గర మొదలైన మాటలు ఇద్దరి కోడళ్ల దాకా వెళ్లాయి. నేను మా ఆవిడ వైపు చూడలేదు.

తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాల ముందు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్లడం సంస్థానం కాలం నుంచి ఆనవాయితీ. నేతగాళ్లు నిష్ఠతో ఉండి వాటిని నేస్తారు. ఆ సంగతి అడిగితే ఏ నేత ఇంట్లోనైనా ముఖం వెలిగిపోతుంది, మీరు అడగని విషయాలు కూడా చెప్తారు.

చీర కొనేటప్పుడు చూడాల్సినవి. అంచు, ఒళ్లు కలిసే చోట వెనక్కి తిప్పి చూడండి. కుప్పడం అయితే పేకలు పెనవేసుకున్న గీత తెలుస్తుంది, కుట్టు ఉండదు. చీర రెండు అంచుల పొడవునా సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు ఉంటే అది మగ్గం మీద బట్టను సాగదీసి పట్టే కర్ర గుర్తు. ఇదొక్కటే ఆధారమని నేను అనను, కానీ పనికొచ్చే గుర్తే. జరీ ఏ రకమని నేరుగా అడగండి, టెస్టెడ్ జరీకీ (రాగి తీగ మీద పూత వేసినది) అసలు జరీకీ ధరలో చాలా తేడా ఉంటుంది. 'సీకో' అంటే పట్టూ నూలూ కలిసినదని అర్థం. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, హ్యాండ్లూమ్ మార్కు చీటీ కూడా అడగొచ్చు. నేత ఇంట్లో మగ్గం చూసి వచ్చాక అక్కడే గీచి గీచి బేరం ఆడటం నాకు నచ్చదు. బేరం ఆడాలంటే షాపులో ఆడండి.

మగ్గం చూసినా, చీర కొన్నా పన్నెండున్నరకల్లా గదికి వచ్చేయాలి. కోట, మగ్గం రెండూ ఒకే పూట, ఒకే ఊళ్లో కాబట్టి నా లెక్కలో ఒక్క చోటే. నాన్న దీన్ని మోసం అంటారు.

మధ్యాహ్నం: ఏమీ చేయకుండా ఉండటం

అన్నం తక్కువ, మజ్జిగ ఎక్కువ. జొన్న రొట్టె చేసే హోటల్ కనబడితే వదలకండి. చేత్తో కొట్టిన రొట్టె, వంకాయ కూర, పక్కన పల్లీల పొడి, ఉల్లిగడ్డ ముక్క. అయితే పెద్దవాళ్లకు రెండు రొట్టెల మీద పెట్టొద్దు, సాయంత్రం దాకా బరువుగా ఉంటుంది. బిర్యానీ తింటే నిద్ర బాగా పడుతుంది నిజమే, కానీ లేచాక కదలబుద్ధి కాదు.

తర్వాత పడుకోవాలి. పన్నెండున్నర నుంచి నాలుగు దాకా ఎవరూ ఎవరినీ ఎక్కడికీ రమ్మనకూడదు. నిద్ర పట్టనివాళ్లు ఉంటారు, మా పెద్దది అలాంటిదే. దానికి ఒక నోటు పుస్తకం ఇచ్చి అప్పటిదాకా తిరిగినవన్నీ రాయమన్నాను. కోట గురించి రెండు లైన్లు, ఉగ్గాని గురించి ఒక పేజీ రాసింది. మీ ఇంట్లో యువకులుంటే ఫోన్లు చూసుకోనివ్వండి, ఒక్కటే షరతు: వీడియోల శబ్దం బయటికి రాకూడదు.

కాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు గోరువెచ్చటి నీళ్లలో గుప్పెడు ఉప్పేసి పావుగంట పాదాలు పెట్టుకోండి. బకెట్ లాడ్జిలోనే ఉంటుంది, వేడినీళ్లు అడిగితే ఇస్తారు, ఉప్పు మాత్రం మన సంచిలో ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఇలా పాదాలు నానబెట్టకపోవడమే మంచిది. మొద్దుబారిన పాదాలకు వేడి తెలియదు. వాళ్ల అరికాళ్లలో పొక్కులేమైనా లేచాయేమో కూడా ఇప్పుడే చూడండి.

సాయంత్రం: జూరాలా, జమ్ములమ్మా?

నాలుగున్నరకు ఛాయ్ తాగి బయల్దేరండి. రెండిట్లో ఒకటే.

జూరాల కావాలంటే ముందు నీళ్లున్నాయా అని చూసుకోవాలి. కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టాక వచ్చే మొదటి ప్రాజెక్టు ఇది, పూర్తి పేరు ప్రియదర్శిని జూరాల. కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ ప్రాజెక్టులు నిండి నీళ్లు వదిలితే ఇక్కడ గేట్లు లేస్తాయి. మామూలుగా జూలై చివర నుంచి సెప్టెంబరు దాకా ఆ హంగు ఉంటుంది. పేపర్లో 'నారాయణపూర్ నుంచి దిగువకు' అనే వార్త కనబడితే ఇక్కడికి నీళ్లు వస్తున్నాయని అర్థం. గేట్లు ఎత్తిన రోజుల్లో జనం తీర్థంలా వస్తారు, వాహనాలు బారులు తీరతాయి. నెమ్మదిగా గడపాలనుకునేవాళ్లకు గేట్లు మూసిన రోజే మేలు. ఆనకట్ట వెనుక నీళ్ల మీద పొద్దు కుంకడం చూడొచ్చు, గాలి బాగుంటుంది, తొక్కిసలాట ఉండదు. ఏ రోజైనా సరే, ప్రాజెక్టు కింది వైపు నది బండల మీదకు మాత్రం దిగవద్దు. సైరన్ వేసినా, మనం తేరుకునేలోపు నీళ్లు చేరిపోతాయి.

ఊరి నుంచి పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపే కాబట్టి ఆటో రానూపోనూ మాట్లాడుకోండి, అక్కడ ఎంతసేపు ఆగుతారో కూడా ముందే చెప్పండి. దారి పొడవునా పత్తి చేలు కనబడితే అవి మామూలు పత్తి చేలు కాకపోవచ్చు. నడిగడ్డలో విత్తన పత్తి పండించే రైతులు చాలామంది. ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి, అందుకే ఆ కాలంలో చేను నిండా మనుషులే ఉంటారు.

జూరాల అంటే చేపలు కూడా. ప్రాజెక్టు దగ్గర బండ్ల మీద చేప చూపించి, తూకం వేయించి, మసాలా పట్టించి అక్కడే వేయిస్తారు. ఇక్కడ మా ఇంట్లో పెద్ద తగాదా వచ్చింది. శ్రీశైలం వెళ్తూ మధ్యలో చేపలేమిటని నాన్న, వాసన చూశాక ఎలా ఊరుకుంటామని పిల్లలు. రెండోసారి తీర్మానం చేసుకున్నాం: శ్రీశైలం ముందైతే జమ్ములమ్మ, తిరుగు ప్రయాణమైతే జూరాల. మీ ఇంట్లోనూ ఇలాంటి పట్టింపులుంటే ముందు రాత్రే తేల్చుకోండి, వేడి నూనె ముందు నిలబడి తేలే విషయం కాదిది.

జమ్ములమ్మ తల్లి గుడి గద్వాలకు ఆనుకుని, జమ్మిచేడు దగ్గర ఉంది. పక్కనే చెరువులా రిజర్వాయరు. మంగళవారం, శుక్రవారం జనం ఎక్కువ, మొక్కులు తీర్చుకుని అక్కడే వండుకు తింటారు. మాఘమాసంలో జాతర. మిగతా రోజుల్లో సాయంత్రం ప్రశాంతంగా ఉంటుంది, నీళ్ల మీది గాలికి పెద్దవాళ్లు కూర్చోవచ్చు. దూరం తక్కువ, కాబట్టి ఎవరికైనా అలసటగా ఉంటే ఇదే సరైనది.

వాన పడినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా సాయంత్రం చోటు రద్దు. బజారులో ఒక చుట్టు తిరిగి రండి, సీజన్‌ను బట్టి ఉడకబెట్టిన పల్లీకాయలో, సీతాఫలాలో కొనుక్కోండి. బాగున్నవాళ్లు నది చూసి రావాలని, బాగోలేనివాళ్లు గదిలో ఒంటరిగా ఉండాలని మాత్రం పెట్టుకోవద్దు. ఒకరు గదిలో ఉంటే తోడుగా ఇంకొకరు ఉండాలి.

రాత్రి: అలంపురానికి సిద్ధం

ఎనిమిదికల్లా తినేసి, మర్నాటి సంగతి చూసుకోండి. అలంపురానికి పొద్దున్నే వెళ్లాలి. రాతి నేల మీద చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి తొమ్మిది దాటితే అరికాళ్లు కాలతాయి. బస్సులో వెళ్లేవాళ్లు హైవే మీద అలంపూర్ చౌరస్తాలో దిగితే ఊళ్లోకి ఆటోలు దొరుకుతాయి. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాల్లో ఇప్పుడు పూజలందుకునేది బాల బ్రహ్మేశ్వరుడు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ గుడిని 2005లో తిరిగి కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా రాయి రాయీ విప్పి తెచ్చి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా అక్కడే. ఖాళీ రోజు సరిగ్గా గడిస్తే ఇవన్నీ చూడటానికి కాళ్లలో సత్తువ ఉంటుంది.

అక్కడి నుంచి అదే రోజు శ్రీశైలం వెళ్లేవాళ్లు మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి. నల్లమలలో అడవి దారి చెక్‌పోస్టులు రాత్రి పూట మూసేస్తారు, పొద్దున్నే గానీ తీయరు.

సంచి సర్దేముందు ఆరేసిన బట్టలు ఒక్కొక్కటీ తడిమి చూడండి. జేబులు, నడుం పట్టీలు, సాక్సుల వేళ్ల దగ్గర తడి మిగిలిపోతుంది. అలాంటివి ఫ్యాన్ కింద కుర్చీ మీద వేసి పడుకోండి. పోయినసారి ఫ్యాన్ కింద కుర్చీ నాకు దొరకలేదు. అమ్మ కొత్త గద్వాల చీర మడత విప్పి దాని మీద పరిచి, అంచు వెనక్కి తిప్పి చూస్తూ కూర్చుంది.